గిట్ లాగ్‌లో లేని మాస్టారు: ఒక పేపరు డైరీ

జూన్ 14, శనివారం

పాత తెలుగు పుస్తకాల స్కాన్లను టెసరాక్ట్ అనే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే) ప్రోగ్రాముతో చదివిస్తే వచ్చే పాఠంలో తప్పులు పట్టే టూలు మాది. మ ఉన్నచోట వు వస్తుంది, ప ఉన్నచోట వ వస్తుంది, సున్న ఉండాల్సిన చోట తెలుగు అంకెల్లోని ౦ వచ్చి కూర్చుంటుంది. కంటికి రెండూ ఒకటే, వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. మూడేళ్లుగా సాయంత్రాలూ సెలవులూ దీనికే పోతున్నాయి. కోడ్ జీపీఎల్ (ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చనే లైసెన్సు) మూడో వెర్షన్ కింద, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టే సైటు గిట్‌హబ్‌లో ఉంది. వికీసోర్స్‌లో పేజీలు దిద్దేవాళ్లు కొందరు వాడుతున్నారు, బాగోలేనప్పుడు తిడుతున్నారు. తిడుతున్నారంటే వాడుతున్నట్టే.

ఇవాళ ఒకాయన మెయిలు పెట్టారు. మీ టూలుని మా వ్యాసంలో ఉదహరించాలి, దీని గురించి ఎక్కడ రాశారు అని. ఎక్కడా రాయలేదు. లింకు పంపాను. లింకు చాలదట, రేపు మీరు రిపోజిటరీ (కోడ్ ఉన్న ఆ పేజీ) తీసేస్తే మా వ్యాసంలో ఆ మాటకి దిక్కెవరు అన్నారు. న్యాయమే.

అందుకని ఈ ఏడాది లోపల ఒక టాకు, ఒక పేపరు (పరిశోధన వ్యాసం). దారులేమున్నాయో చూశాను. ఓపెన్ సోర్స్ సమావేశం ఫాస్‌డెమ్ లాంటివి ఒక రకం: ఏటా చలికాలం చివర బ్రస్సెల్స్‌లో యూనివర్సిటీ క్యాంపస్‌లో జరుగుతుంది, టికెట్టు లేదు, పేరు నమోదు కూడా లేదు. ఒక్కో విషయానికి ఒక్కో గది, ఏ టాకు ఉండాలో ఆ గది చూసుకునేవాళ్లే తేలుస్తారు. మన దగ్గర బెంగళూరులో ఫాస్ యునైటెడ్ వాళ్ల ఇండియాఫాస్ ఉంది, ఊళ్లు తిరిగే పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సు పైకాన్ ఇండియా ఉంది (2018లోనూ 2023లోనూ హైదరాబాదుకే వచ్చింది). వీటికి పేపరు అక్కర్లేదు, ప్రతిపాదన చాలు. రెండో రకం పేపరు అడిగేవి. ఓపెన్ సోర్స్ భాషా సాఫ్ట్‌వేర్ కోసమే 2018లో మెల్‌బోర్న్‌లో ఏసీఎల్ అనే భాషా సాంకేతిక సదస్సుతో పాటు మొదలైన ఎన్‌ఎల్‌పీ-ఓఎస్‌ఎస్ వర్క్‌షాపు, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద పేపర్లు వేస్తూ 2016 నుంచి నడుస్తున్న జాస్ పత్రిక ఈ కోవలోవి. జాస్ పద్ధతి నాకు బాగా నచ్చింది. సమీక్ష గిట్‌హబ్ ఇష్యూలోనే (అక్కడి చర్చా పేజీలో) అందరి కళ్ల ముందూ జరుగుతుంది. సమీక్షకుడు టూలు ఇన్‌స్టాల్ చేసి, టెస్టులు ఉన్నాయో లేదో చూసి, చెక్‌లిస్టులో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ పోతాడు. ఇప్పుడున్న స్థితిలో మా టూలు ఆ చెక్‌లిస్టులో మూడో గడి దాటదు. ముందు టాకు పని చూద్దాం.

జూన్ 22, ఆదివారం

టాకు ప్రతిపాదన ఫారం నింపాను. టైటిలు, సారాంశం, వినేవాళ్లకి ముందే ఏం తెలిసి ఉండాలి, విన్నాక ఏం పట్టుకెళ్తారు, రిపోజిటరీ లింకు, లైసెన్సు. సారాంశంలో మా రీడ్‌మీ (టూలు ఏమిటో, ఎలా వాడాలో చెప్పే ఫైలు) మొదటి రెండు పేరాలు అతికించాను. కాకినాడ తమ్ముడికి చూపించాను. బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు, గత సంక్రాంతి నుంచి మాతో పనిచేస్తున్నాడు. "బానే ఉంది అన్నా" అన్నాడు. ఆ "బానే"లో ఉన్న సాగదీత నేను పట్టించుకోలేదు.

జూలై 12, శనివారం

తిప్పి పంపారు. కింద ఒక్క వాక్యం: టూలు ఏం చేస్తుందో చెప్పారు, నేను వచ్చి ఎందుకు కూర్చోవాలో చెప్పలేదు.

మధ్యాహ్నం దాకా కోపం. సాయంత్రానికి ఆ మాట నిజమని ఒప్పుకున్నాను. రీడ్‌మీ చదివేవాడికి అప్పటికే అవసరం ఉంటుంది, వెతుక్కుంటూ వస్తాడు. హాల్లో కూర్చునేవాడికి పక్క గదిలో ఇంకో టాకు ఉంటుంది, బయట కాఫీ ఉంటుంది.

మళ్లీ రాశాను. ఈసారి మొదటి వాక్యం 2018 ఫిబ్రవరి నుంచి ఎత్తుకున్నాను. ఒక్క తెలుగు అక్షరం, జ్ఞా, మధ్యలో కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్‌తో (పక్క అక్షరంతో కలవకుండా ఆపే గుర్తుతో) వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అప్పట్లో మా ఆఫీసులో ఇది పెద్ద జోకు. నాకు మాత్రం ఒకటి తోచింది: అంత డబ్బూ అంతమంది టెస్టర్లూ ఉన్న కంపెనీకే తెలుగులో వత్తు కింద ఏముంటుందో పూర్తిగా పట్టుబడలేదు. "మీ ప్రోగ్రాములో తెలుగు అక్షరాన్ని ఎలా లెక్కపెడుతున్నారు?" అని అడిగి, మా టూలుని మూడో పేరాలోకి నెట్టాను. ఇంకో సమావేశానికి పంపాను.

జూలై 19, శనివారం

పేపరు మొదలుపెట్టే ముందు మాకు మేమే సమీక్ష చేసుకున్నాం. నియమం ఒక్కటే: రీడ్‌మీలో ఉన్నదే చేయాలి, నాకు ఫోన్ చేయకూడదు. తమ్ముడు వాళ్ల కాలేజీ ల్యాబులో, మా టూలు ఎప్పుడూ చూడని విండోస్ కంప్యూటరు మీద కూర్చున్నాడు.

నాలుగు నిమిషాలకే ఫోటో వచ్చింది. చార్‌మ్యాప్ కోడెక్ బైట్ 0ఎక్స్8డీని డీకోడ్ చేయలేదు అని ఎర్ర అక్షరాలు. నాది లినక్స్. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఈ ఎర్రర్ నాకు రాలేదు.

కారణం విప్పి చూస్తే ముచ్చటేసింది. ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, ఆ విండోస్ మీద పైథాన్ పాత 1252 కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) తీసుకుంటుంది. అందులో ఐదు బైట్లకి అర్థమే లేదు: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. మన పొల్లు గుర్తు యూనికోడ్‌లో (ప్రతి గుర్తుకీ ఒక నంబరు ఇచ్చే పట్టికలో) 0సీ4డీ, యూటీఎఫ్-8లో (ఆ నంబరుని బైట్లుగా మార్చే పద్ధతిలో) రాస్తే మూడు బైట్లు: ఈ0, బీ1, 8డీ. ఆ చివరిదే అడ్డం తిరిగింది. కొమ్ముకీ అదే గతి, దాని చివరి బైటు 81. అంటే పొల్లు గానీ, వత్తు గానీ, కొమ్ము గానీ ఒక్కటి కూడా లేని తెలుగు పేజీ ఉంటేనే ఈ ప్రోగ్రాము ఆగకుండా నడుస్తుంది. అలా నడిచినా చెత్త చదువుతుంది, అది ఇంకా అన్యాయం.

ఫైలు తెరిచిన ప్రతిచోటా యూటీఎఫ్-8 అని రాశాం. 17 చోట్ల. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్టు చేయాలని పైథాన్ మార్పుల ప్రతిపాదన పీఈపీ 686లో ఉంది, కానీ కాలేజీ ల్యాబులకి ఆ వెర్షను వచ్చేసరికి తమ్ముడికి పెళ్లయిపోతుంది. ఆ సాయంత్రమే విండోస్ మీద కూడా టెస్టులు ఆటోమేటిగ్గా నడిచేలా పెట్టాం. పేపరు ఒక్క వాక్యం కూడా రాయకముందే ప్రాజెక్టు బాగుపడింది.

ఆగస్టు 3, ఆదివారం

రెండు రోజులుగా ఒకే ప్రశ్న దగ్గర ఇరుక్కున్నాం. పేపరన్నాక ఒక పట్టిక ఉండాలి: దిద్దక ముందు ఇన్ని తప్పులు, దిద్దాక ఇన్ని. అందరూ వాడేది క్యారెక్టర్ ఎర్రర్ రేటు. వందకి ఎన్ని క్యారెక్టర్లు తప్పు అని. సరే, క్యారెక్టరంటే ఏమిటి?

స్త్రీ తీసుకోండి. చిన్నప్పుడు పలక మీద దిద్దినవాళ్లకి అది ఒక్క అక్షరం. పైథాన్‌లో దాని పొడుగు అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. బైట్లలో 18. యూనికోడ్ వాళ్లు మనిషి కంటికి ఒకటిగా కనిపించేదాన్ని గ్రాఫీమ్ క్లస్టర్ అంటారు. పాత నియమాల్లో స్త్రీ మూడు క్లస్టర్లు: స్, త్, రీ. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ముక్కలు చేయకూడదని నియమం చేర్చారు, దాంతో ఒకటైంది. మన పలక దాకా రావడానికి వాళ్లకి అంతకాలం పట్టింది.

ఇప్పుడు ఓసీఆర్ క్రావడిని మింగేసి స్తీ అని చదివిందనుకోండి. కోడ్‌పాయింట్ల (యూనికోడ్ విడిగా నంబరు ఇచ్చిన ముక్కల) లెక్కలో ఆరింట రెండు పోయాయి, తప్పు 33 శాతం. పాత క్లస్టర్ల లెక్కలో మూడింట రెండు, 67 శాతం. అక్షరాల లెక్కలో ఒకటికి ఒకటీ తప్పు, 100 శాతం. పోనీ అక్షరాల లెక్క ఎప్పుడూ కఠినమా అంటే అదీ కాదు. మనము అన్నదాన్ని వునము అని చదివితే కోడ్‌పాయింట్లలో నాలుగింటికి రెండు మార్పులు, 50 శాతం. అక్షరాల్లో మ, న, ము మూడింట ఒక్కటే తప్పు, 33 శాతం. ఒకే టూలు, ఒకే పేజీ. నాకు పనికొచ్చే కొలబద్ద ఏరుకుంటే నా పట్టిక అందంగా ఉంటుంది. ఇది తెలిశాక నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ మా రీడ్‌మీలో ఒక శాతం గర్వంగా పెట్టుకున్నాం, ఏ కొలతలోనో ఎక్కడా రాయలేదు.

కనిపించని జాయినర్ల గోల వేరే ఉంది. బస్ అని టైపు చేసి చివర పొల్లు తర్వాత నాన్ జాయినర్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. అచ్చులో తేడా లేదు. లెక్కలో మాత్రం ఒక తప్పు. కొలిచే ముందు మాట చివర ఉన్నవి తీసేసి, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్యలో ఉన్నవి ఉంచాం, అక్కడ తీస్తే రూపమే మారిపోతుంది.

చివరికి కోడ్‌పాయింట్లవీ అక్షరాలవీ రెండు లెక్కలూ పక్కపక్కనే ఇవ్వాలని తేల్చుకున్నాం. పట్టిక వికారంగా తయారైంది. ఒక గడిలో మేం గెలిచాం, పక్క గడిలో టూలు లేకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు. తమ్ముడు "అన్నా, ఆ రెండో కాలమ్ (నిలువు వరస) తీసేద్దామా" అన్నాడు. లేదురా, ఈ పేపర్లో చదవదగ్గది ఆ రెండో కాలమే అన్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. రచయితల పేర్లు రాయాలి. సులువనుకున్నాను.

గిట్ లాగ్ (కోడ్‌లో ఏ మార్పు ఎవరు చేశారో ఉండే చిట్టా) తీస్తే మొదట నా పేరు, తర్వాత తమ్ముడు, ఆపైన ఒకటీ రెండూ కమిట్లు (నమోదు చేసిన మార్పులు) చేసినవాళ్లు. రీడ్‌మీలో ఒక కామా సరిచేసినాయన పేరు కూడా ఉంది. తెనాలి మాస్టారి పేరు లేదు.

మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. ఓసీఆర్ తప్పులు కొలవాలంటే ముందు తప్పు లేని ప్రతి ఒకటి ఉండాలి కదా, ఆ 120 పేజీలూ దిద్దింది ఆయనే. కంప్యూటరు ముట్టరు. నేను ప్రింట్లు కొరియర్ చేస్తాను, ఆయన ఎర్ర ఇంకుతో దిద్ది ఫోటోలు తీయించి వాట్సాప్‌లో పంపుతారు, నేను టైపు చేసి కమిట్ చేస్తాను. కాబట్టి ఆ 120 పేజీలూ లాగ్‌లో నా పేరు మీదే ఉన్నాయి. కావాలని చేసింది కాదు. కానీ మూడేళ్లలో ఒక్కసారీ తట్టలేదు, అది తప్పే.

ఫోన్ చేశాను. "మాస్టారూ, పేపర్లో మీ పేరు రెండోది పెడుతున్నాను."

"నాకెందుకు నాయనా పేర్లు. ఇంగ్లీషు పేపరు నేను చదవనైనా లేనే."

"చదవక్కర్లేదండీ. కానీ మీ పేరుంటే అందులో ఉన్నదానికి మీ పూచీ కూడా ఉన్నట్టు. తెలుగులో అంతా వివరించి చెబుతాను, మీరు సరేనంటేనే పెడతాను."

గంటన్నర పట్టింది. అరసున్నల దగ్గర ఆపారు. పాత పుస్తకంలో వాఁడు అని ఉంటే మీ మిషను వాడు అని మారుస్తోందా? మారుస్తోందండీ, నిఘంటువు కొత్తది. బండి ఱని మామూలు రగా? అవునండీ. "అది దిద్దడం కాదు, చెరపడం" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అలాగే నోట్ చేసుకున్నాను.

తమ్ముడి గైడు గారి పేరు కూడా పెట్టాలని కాలేజీ నుంచి ఒక కబురు. ల్యాబు తెరిపించినందుకు కృతజ్ఞతల్లో రాస్తాం, రచయితల్లో కాదు అన్నాం. తమ్ముడికి ఇంటర్నల్స్ గురించి టెన్షన్. ఇప్పటికైతే గొడవ లేదు.

డేటా లైసెన్సు కూడా ఇవాళే తేల్చాం. కోడ్‌కి జీపీఎల్ సరిపోతుంది, దిద్దిన పేజీలకి సీసీ బై-ఎస్‌ఏ (మా పేరు చెప్పి, ఇదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చనే లైసెన్సు). వీరేశలింగం గారు 1919లో, గురజాడ 1915లో పోయారు. రచయిత పోయాక 60 ఏళ్లు అన్న మన చట్టం ప్రకారం వాళ్ల రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. ఇబ్బంది ఒక్క సంపుటంతో వచ్చింది. రచన పాతదే, ముందుమాటా అధస్సూచికలూ ఈమధ్య సంపాదకులవి. ఆ 11 పేజీలు తీసేశాం. మాస్టారి రెండు వారాల పని.

ఆగస్టు 25, సోమవారం

పేపరు పంపాం. గడువు 24 రాత్రి 11:59, కానీ భూమ్మీద ఎక్కడైనా అన్న లెక్క. అంటే ప్రపంచంలో చిట్టచివర తెల్లారే చోట అర్ధరాత్రి అయ్యేదాకా. మనకది 25 సాయంత్రం 5:29. ఆఫీసులో స్టాండప్ మీటింగ్ మ్యూట్‌లో పెట్టి అప్‌లోడ్ నొక్కాను.

నిన్న రాత్రంతా టెంప్లేటుతో కుస్తీ. తెలుగు ఉదాహరణలన్నీ డబ్బాలుగా వచ్చాయి. పీడీఎఫ్‌లాటెక్ (పేపరుని పీడీఎఫ్‌గా కూర్చే ప్రోగ్రాము) వదిలి జీలాటెక్‌కి మారి, నోటో ఫాంటుకి స్క్రిప్టు తెలుగు అని చెప్పాకే వత్తులు కిందికి దిగాయి. ఇదంతా చేసినవాళ్లకి తెలిసిందే, ఎక్కువ రాయను.

సమీక్షకి మా పేర్లు కనబడకూడదన్నారు. ఓపెన్ సోర్స్‌వాడికి ఇది విచిత్రమైన శిక్ష. మూడేళ్లుగా ప్రతి కమిట్ మీదా పేరు రాసుకుంటూ వచ్చి, ఇప్పుడు ఆ ఇంటికి ముసుగు వేయాలి. రిపోజిటరీకి పేర్లు తుడిచిన నకలు తీసి ఆ లింకు ఇచ్చాం. పీడీఎఫ్ మెటాడేటాలో పేరు ఉందేమో కూడా చూశాను. లేదు.

సెప్టెంబరు 3, బుధవారం

సమీక్షకి వెళ్లకుండానే తిరిగొచ్చింది. కారణం: రెండో పటం. టూలు నడుస్తుండగా తీసిన టెర్మినల్ స్క్రీన్‌షాట్ అది. ప్రాంప్ట్‌లో నా యూజర్ పేరు, ఇంటిపేరుతో సహా, పచ్చ అక్షరాల్లో మెరిసిపోతోంది. మేం ఎన్నోసార్లు చదివాం. చదివింది అక్షరాలు, బొమ్మని ఎవరూ చదవలేదు. అక్షరదోషాలు పట్టే టూలు రాసేవాళ్ల సంగతి ఇదీ.

అదే రోజు ఇన్‌బాక్సులో ఇంకో ఉత్తరం: మీ పేపరు మా అంతర్జాతీయ సదస్సుకి ఎంపికైంది, మూడు రోజుల్లో ప్రచురిస్తాం, రుసుము ఇంత. మేం వాళ్లకేమీ పంపలేదు. తమ్ముడి క్లాసులో ముగ్గురు ఇలాంటివాటికి డబ్బు కట్టారట, రెజ్యూమేలో ఒక లైను కోసం. వాడితో అన్నాను, ఎవరికైనా డబ్బే కట్టాలనుకుంటే మాస్టారి కొరియర్ ఖర్చులకి కట్టు అని.

సెప్టెంబరు 20, శనివారం

పేర్లు దాచనక్కర్లేని డెమో వర్క్‌షాపు ఒకటి దొరికింది. స్క్రీన్‌షాట్ అలాగే ఉంచాను, పంతం.

ఈసారి ఎక్కువసేపు కూర్చున్నది పరిమితుల భాగం మీద. ఇప్పుడు భాషా సాంకేతిక సదస్సులు చాలావాటిలో ఆ భాగం తప్పనిసరి, పేజీల లెక్కలోకి రాదు. మొదటిసారి మొక్కుబడిగా మూడు వాక్యాలు రాసి వదిలాం. ఇప్పుడు మాస్టారన్న మాటే ఎత్తుకున్నాం: ఈ టూలు అరసున్ననీ బండి ఱనీ తప్పుగా భావించి తీసేస్తుంది, అందుచేత పాత ప్రతిని ఉన్నదున్నట్టు దాచాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. అది రాసి, చదువుకుని, సిగ్గేసి, రెండు రాత్రులు కూర్చుని పాత వర్ణక్రమాన్ని ముట్టుకోకుండా వదిలేసే ఆప్షన్ ఒకటి కోడ్‌లో పెట్టాం. దాంతో "పనికిరాదు" అన్న వాక్యాన్ని "ఈ ఆప్షన్ లేకుండా వాడకూడదు" అని మార్చుకున్నాం.

అక్టోబరు 18, శనివారం

తీసుకున్నారు. ముగ్గురు సమీక్షకుల్లో ఒకరు పట్టికలో రెండో కాలం గురించే పేరా అంతా రాశారు. ఇంకొకరు విండోస్ మీద ఇన్‌స్టాల్ చేసి చూశారట, పనిచేసిందట. మూడోవారు ఇంగ్లీషు బాగోలేదన్నారు. అదీ నిజమే.

జూలైలో మళ్లీ పంపిన టాకు కూడా ఒప్పుకున్నారు. 20 నిమిషాలు.

నవంబరు 9, ఆదివారం

తుది ప్రతి పంపాలి. దానికి ముందు టూలుకి శాశ్వత చిరునామా. గిట్‌హబ్‌లో రిలీజ్ కొడితే పరిశోధన ఫైళ్లు దాచే సైటు జెనోడో ఆ నకలు దాచుకుని డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) ఇస్తుంది. జూన్‌లో మెయిలు పెట్టినాయన అడిగింది ఇదే. మేం ఏమీ చెప్పకపోతే రచయితల పేర్లు కంట్రిబ్యూటర్ల జాబితా నుంచే తీసుకుంటుంది. మళ్లీ కామా ఆయన ఉన్నారు, మాస్టారు లేరు. పేర్లన్నీ మేమే రాసిన సైటేషన్ ఫైలు ఒకటి రిపోజిటరీలో పెట్టి మళ్లీ రిలీజ్ కొట్టాం. ఈసారి సరిగ్గా వచ్చింది.

పీడీఎఫ్ ప్రింటు తీసి మాస్టారికి కొరియర్ చేశాను, చూసుకుని దాచుకుంటారని. ఇవాళ మధ్యాహ్నం ఫోటో వచ్చింది. మూడో పేజీలో స్తీ చుట్టూ ఎర్ర ఇంకుతో సున్న చుట్టి, పక్కన "క్రావడి లేదు" అని రాశారు.

ఫోన్ చేశాను. "మాస్టారూ, అది ఓసీఆర్ చేసిన తప్పు. ఉదాహరణ కోసం కావాలనే అలా ఉంచాం."

"కావాలని రాసినా తప్పు తప్పే కదా నాయనా. తెలియనివాడు అదే ఒప్పనుకుంటాడు. ముందు ఒక గుర్తేదైనా పెట్టు."

భాషాశాస్త్రం వాళ్లు తప్పు రూపాల ముందు నక్షత్రం పెడతారు. మేం చదివాం, ముగ్గురు సమీక్షకులు చదివారు, ఎవరికీ తట్టలేదు. స్తీ ముందూ వునము ముందూ నక్షత్రాలు పెట్టి మళ్లీ కంపైల్ చేశాను. కమిట్ సందేశం చివర సహరచయిత అన్న లైనులో ఆయన పేరు రాయబోతే పక్కన మెయిలు ఐడీ కూడా కావాలి. మళ్లీ ఫోన్ చేశాను. తనకి లేదన్నారు, మనవడిది చెప్పారు, ఒక్కో అక్షరం విడివిడిగా, రెండుసార్లు. అది టైపు చేసి పుష్ చేశాను.